పంకజాక్షి టీచర్‌కి అప్పజెప్పిన పిల్ల

పారప్పుళ,
24 జూన్ 1984

నా ఏలీకి,

నీ ఉత్తరం మంగళవారం అందింది. కువైట్ ఎండలకి కుళాయి నీళ్లు కూడా చేతులు కాలుస్తున్నాయని రాశావు. ఇక్కడ వాన పట్టుకుని పద్దెనిమిది రోజులు. రబ్బరు చెట్లకి గాట్లు పెట్టడం ఆపేశారు కనక ఊళ్లో మగవాళ్ల కాపురమంతా టీకొట్టు బెంచీల మీదే. స్కూలు గ్రౌండు మడుగైంది. డ్రిల్లు మాస్టరుకి వానాకాలమంటే జీతమిచ్చి నిద్రపుచ్చే కాలమని హెడ్మాస్టరు ఎప్పటిలాగే నన్ను వెక్కిరిస్తున్నాడు. అమ్మ మోకాళ్లకి నువ్వు పంపిన మందు రోజూ రాస్తున్నాను.

అసలు సంగతి దాటవేసి వానలూ మందులూ రాస్తున్నానని నీకీపాటికి తెలిసిపోయి ఉంటుంది. రాధామణిని కోళిక్కోడ్ తీసుకెళ్లి ఆ ఆటల హాస్టల్లో వదిలి వచ్చాను. పదకొండు రోజులైంది.

కిందటి సెలవులకి వచ్చినప్పుడు నువ్వు చూశావు కదా, రబ్బరు పాలు తీసే వేలాయుధన్ కూతురు. పొద్దున్నే పాలక్యాను పట్టుకుని మన గేటు ముందు నుంచి ఆ వాలులో పరిగెత్తుకుంటూ పోయేది. చుక్క ఒలకదేమిటని నువ్వు గుమ్మంలో నిలబడి ఆశ్చర్యపోయావు. ఆ పిల్లని గ్రౌండులోకి తెచ్చింది నేను. రెండేళ్ల పాటు పొద్దున ఆరింటికి నేనూ, ఆ పిల్లా, ఒక స్టాప్‌వాచ్. ఒకవైపు పల్లంగా ఉండే ఆ గ్రౌండులోనే ఎనిమిది వందల మీటర్లు పరిగెత్తించాను. పరుగయ్యాక మనింటికే వచ్చేది. అమ్మ ఉడికించిన కర్రపెండలం, చేపల కూర, రెండు గుడ్లు. తింటూ అమ్మకి ఊళ్లో కబుర్లన్నీ చెప్పేది. పిల్లలు లేని ఇంట్లో ఆ మాటల చప్పుడు ఎలా ఉంటుందో నీకు వేరే రాయాలా. జిల్లా పోటీల్లో రెండు నిమిషాల ముప్ఫై రెండు సెకన్లలో గెలిచింది. అప్పుడే హాస్టల్ వాళ్ల కార్డు వచ్చింది. వేలాయుధన్ ఆ కార్డు తెచ్చి నా చేతిలో పెట్టి, మీరెలా అంటే అలాగే మాష్, పిల్లకి మాస్టరు మీరే కదా అన్నాడు. పంపుదామన్నాను. ఆ మాట అన్నది నేనే. అది గుర్తుపెట్టుకో, మున్ముందు నేనే మరిచిపోవచ్చు.

అక్కడి శిక్షకురాలి పేరు పంకజాక్షి. నలభై ఐదేళ్లుంటాయి. ఎండిన కొబ్బరిమట్టలా ఉంటుంది. మెడలో ఈల. ఎవరో తన వస్తువు ఇప్పుడే ఎత్తుకుపోయినట్టు చూస్తుంది మనుషుల్ని. రెండు బస్సులూ ఒక రైలూ మారి వెళ్లినవాళ్లం, కూర్చోమని కూడా అనలేదు. పిల్లని నిలబెట్టి పాదాలు చూసింది, మోకాళ్లు చూసింది, సంతలో మేకని చూసినట్టు. పరిగెత్తమంది. సగం రౌండు కాకముందే ఈల ఊదేసింది.

“ఈ చేతులేంటి, ఈగలు తోలుతున్నట్టు? ఎవరు నేర్పారు?”

నేనే అన్నాను.

“అయితే మీరు నేర్పింది విప్పడానికే నాకు ఆరు నెలలు పడుతుంది.”

అక్కడ ఇరవైమంది అమ్మాయిలున్నారు, ఏలీ. అందరూ విన్నారు. రాధామణి మెల్లిగా నా వెనక్కి జరిగి చొక్కా పట్టుకుంది. అదీ ఆవిడ కంట్లో పడింది. మాష్ వెనక దాక్కునేవాళ్లకి ఇక్కడ పనిలేదు, మీకు బస్సుంది వెళ్లండి మాష్ అని నాతో చెప్పి, “ఏయ్ మేకా, ఇటు రా” అని పిల్లని పిలిచింది. పేరు కూడా అడగలేదు.

తిరుగు ప్రయాణమంతా ఆవిడకి చెప్పాల్సిన జవాబులు ఒక్కొక్కటే తట్టాయి. పదహారేళ్లుగా పిల్లలకి నేర్పుతున్నాను. ఒక్క పిల్లని కొట్టలేదు. ఒక్కరు కూడా నన్ను చూసి దారి మార్చుకోలేదు. నా మంచితనాన్ని ఆవిడ ఒక్క మాటతో ముడి వేసిన తాడు కింద లెక్కగట్టేసింది. ఒకరిని ద్వేషిస్తున్నానని చర్చిలో పాపాలు ఒప్పుకునేటప్పుడు ఫాదర్‌కి చెప్పాను. ఎవరిని అని ఆయన అడగలేదు. అడిగితే పేరుతో సహా చెప్పేవాణ్ణి.

నీ ఆరోగ్యం చూసుకో. రాత్రి డ్యూటీలు రెండు వారాలకి మించి ఒప్పుకోకు.

ఈ వానలో నిన్నే తలుచుకుంటూ,
నీ ఇట్టూప్


పారప్పుళ,
7 అక్టోబర్ 1984

నా ఏలీకి,

ఓణానికి రాధామణిని ఇంటికి పంపలేదు. హాస్టల్లో మిగతా పిల్లలందరూ వెళ్లారు. చేతులు సరిగ్గా ఊపడం వచ్చేదాకా నీకు పండగలు లేవని ఆ పంకజాక్షి ఆపేసిందట. వేలాయుధన్ భార్య పండగపూట పిల్ల విస్తరి కూడా వేసి, దాని ముందు కూర్చుని ఏడ్చింది.

ఆ పిల్ల రాసిన ఉత్తరాలు నా దగ్గర తొమ్మిదున్నాయి. నడుము దాకా ఉండే జుట్టు నీకు గుర్తుంది కదా, మెడ దగ్గరికి కత్తిరించేశారు. పరుగులో జడ వీపుని కొడుతుంటే కాళ్లు దాని లెక్కన పడుతున్నాయట. ఏడిస్తే ఏడవనిస్తుందట. ఆ తరువాత, “అయిందా? గడియారం నొక్కనా?” అని అడుగుతుందట. ఇంకో రకం హింస ఉంది విను. రెండు రౌండ్లు పరిగెత్తాక, ఎన్ని సెకన్లు పట్టిందో పిల్లే చెప్పాలి. గడియారం ఆవిడ పిడికిట్లో ఉంటుంది. చెప్పింది ఒక్క సెకను కంటే ఎక్కువ తప్పితే మళ్లీ మొదటినుంచీ పరుగు. ఒక సాయంత్రం పదకొండుసార్లు తప్పిందట. పన్నెండోసారి పరిగెత్తి గీత మీదే కక్కుకుంది. ఆవిడ ఇసుక వేయించి, రేపు మళ్లీ చూద్దాం మేకా అని వెళ్లిపోయింది. మిగతా అమ్మాయిలు కూడా ఇప్పుడు మేకా అనే పిలుస్తున్నారు.

ఇవన్నీ చదివి నాకు కోపం వచ్చిందనుకుంటున్నావు. వచ్చింది. కాని ఇంకోటి కూడా వచ్చింది. దాన్ని నీకు తప్ప ఎవరికీ చెప్పలేను.

మొదటి ఉత్తరాల్లో అడుగడుక్కీ మాష్ ఉండేవాణ్ణి. మాష్, మీరైతే ఇలా చెప్పేవారు కాదు. మాష్, అమ్మమ్మ చేపలకూర కలలోకి వచ్చింది. రానురాను ఉత్తరం నిండా టీచర్. టీచర్ ఇలా అంది, టీచర్ ఇలా చూసింది, టీచర్‌కి ఇవాళ జలుబు అయినా రాక్షసిలా వచ్చి నిలబడింది. మొన్నటి ఉత్తరంలో లెక్కపెట్టాను. టీచర్ పద్నాలుగుసార్లు. మాష్ రెండుసార్లు, అందులో ఒకటి పైన చిరునామాలో. అన్నీ తిట్లే, ఒప్పుకుంటాను. కాని పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఆ పిల్ల ఆలోచనంతా ఆవిడే. ద్వేషంలో ఒక మనిషికి అంత చోటు దొరుకుతుందని నాకు తెలియదు. నేను పెట్టిన గుడ్లకి, చూపిన ప్రేమకి అందులో పదోవంతు దొరకలేదు.

ఉండబట్టలేక పోయిన శనివారం వెళ్లాను. అమ్మ వేయించిన అరటికాయ చిప్సు ఒక డబ్బా తీసుకెళ్లాను. పంకజాక్షి గేటు దగ్గరే డబ్బా అందుకుని మూత తీసి అక్కడున్న అమ్మాయిలకి పంచేసింది. ఇది అత్తారిల్లు కాదు మాష్, చూడ్డానికి ఆదివారం నాలుగింటికి రండి అంది. నేను వెళ్లిపోయినట్టు నటించి గోడ వెనక్కి వెళ్లాను. యాభై ఏళ్లకి దగ్గరపడుతున్నవాణ్ణి, కాలువ గట్టు మీద రాళ్లు పేర్చుకుని ఎక్కి గోడ మీంచి తొంగి చూశాను.

రాధామణి పరిగెత్తుతోంది. మొదట గుర్తుపట్టలేదు. జుట్టు లేదని కాదు. చేతులు పక్కటెముకలకి ఆనుకుని రైలు చక్రాల కడ్డీల్లా ఆడుతున్నాయి. తల కదలడం లేదు. నా జేబులో స్టాప్‌వాచ్ ఉంది, ఎప్పుడు నొక్కానో తెలియదు. గీత దాటేటప్పటికి రెండు నిమిషాల ఇరవై ఐదు. నా దగ్గర రెండేళ్లలో వచ్చింది ముప్ఫై రెండు. ఆవిడ దగ్గర నాలుగు నెలల్లో ఏడు సెకన్లు తగ్గింది.

సంతోషం కలగలేదు, ఏలీ. నా మనసులో ఆ క్షణాన ఏముందో ఉన్నదున్నట్టు రాస్తాను. ఆ గడియారం చెడిపోయి ఉంటే బాగుండుననుకున్నాను. పిల్ల కాలు మడతపడితే బాగుండునని కూడా, ఒక్క రెప్పపాటు, అనుకున్నాను. తరువాత గట్టు దిగి కాలవ నీళ్లతో మొహం కడుక్కున్నాను. ఆదివారం దాకా ఆగకుండానే బస్సెక్కేశాను.

ఈ ఉత్తరం చదివి చింపెయ్యి.

నీకు తప్ప ఎవరికీ మొహం చూపించలేని,
ఇట్టూప్


పారప్పుళ,
20 జనవరి 1985

ఏలీ,

క్రిస్మస్‌కి నువ్వు పంపిన గ్రీటింగు కార్డు, అమ్మకి శాలువా అందాయి. రెండు వారాలుగా ఉత్తరం లేదేమని అడిగావు. రాయడానికి కూర్చున్న ప్రతిసారీ అబద్ధం రాస్తానని భయం వేసి లేచిపోయాను. ఇవాళ ఆదివారం పూజకి కూడా వెళ్లలేదు. మొత్తం రాసేస్తాను.

డిసెంబరు మొదట్లో రాధామణి నుంచి నాలుగు వరసల ఉత్తరం వచ్చింది. “మాష్, ఇక నావల్ల కాదు. నిన్న అందరి ముందూ మా నాన్న తాగుతాడని టీచర్ అంది. మీరు రమ్మంటే వస్తాను. ఉండమంటే ఉంటాను. మీ మాటే.” వేలాయుధన్ తాగడం నిజమే. కాని దాన్ని అమ్మాయిల ముందు అనాల్సిన పని ఏ టీచర్‌కీ లేదు. ఆవిడ దుర్మార్గురాలు కాదని నేనెప్పటికీ అనను.

అయినా ఆ ఉత్తరాన్ని నాలుగు రోజులు జేబులో పెట్టుకు తిరిగాను. ఉండమని రాయాలని నాకు తెలుసు. గోడ మీంచి చూసినవాణ్ణి కదా, నాకు కాక ఎవరికి తెలుసు. ఇంకో ఏడాది ఓర్చుకుంటే ఈ పిల్ల ఎక్కడికి పోతుందో కళ్లకి కట్టినట్టు తెలుసు. అయిదో రోజు ఒకే మాట రాసి పోస్టు చేశాను. రా అని. పిల్ల మీద జాలితో రాశానని ఊరంతా అనుకుంటోంది. నేనూ కొన్నాళ్లు అలాగే అనుకున్నాను. నిజానికి, పంకజాక్షి చేతిలోంచి లాక్కున్నానన్న ఆనందంతో ఆ రాత్రి కడుపునిండా తిన్నాను.

క్రిస్మస్ సెలవులకి నేనే వెళ్లి తీసుకొచ్చాను. పంకజాక్షి అడ్డు చెప్పలేదు, బతిమాలలేదు. “నేను పొమ్మనలేదు. పోయేవాళ్లని రమ్మనను కూడా” అని గేటు తీసి నిలబడింది. రాధామణి వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేసింది. బస్సులో మాత్రం రెండు గంటలు ఏడ్చింది. విడుదలయ్యానన్న ఏడుపని నాకు నేను చెప్పుకున్నాను.

మళ్లీ పొద్దున ఆరింటికి మన గ్రౌండు. మళ్లీ అమ్మ చేతి చేపలకూర. మొదటి వారం పండగలా ఉంది. పిల్ల నవ్వింది, లావైంది, పంకజాక్షి నడకని అనుకరించి అమ్మని నవ్వించింది. స్కూలు తెరిచారు, నేను హాస్టల్ మాట ఎత్తలేదు, ఆ పిల్లా ఎత్తలేదు. జనవరి మొదటి వారంలో గడియారం పట్టుకున్నాను. రెండు ఇరవై ఎనిమిది. ప్రయాణ బడలిక అనుకున్నాను. తరువాత ఇరవై తొమ్మిది. ఆ తరువాత ముప్ఫై. నా చేతుల్లో ఆ పిల్ల రోజుకింత వెనక్కి వస్తోంది, ఏలీ. ఏం చెయ్యాలో నాకు తోచలేదు. తిట్టడం నాకు చేతకాదు. ఇంకోసారి పరిగెత్తు అంటే, కాళ్లు నొప్పులు మాష్ అంటుంది, సరే అమ్మా అంటాను.

అప్పుడు మొదలుపెట్టాను. ముప్ఫై వస్తే ఇరవై ఏడు అన్నాను. పిల్ల కళ్లలోకి వెలుగొచ్చింది. మర్నాడు ఇరవై ఆరన్నాను. చూశావా, తిట్లు తినకుండానే తగ్గుతోంది అని కూడా అన్నాను. అలా తొమ్మిది రోజులు. ఆ పిల్ల మొహం అదోలా ఉండేది, కాని సరే మాష్ అనేది. నన్ను నమ్మడానికి ఎంత ప్రయత్నించిందో ఇప్పుడు అర్థమవుతోంది.

పోయిన గురువారం మంచు బాగా ఉంది. పరుగు పూర్తయింది. గడియారం రెండు ముప్ఫై ఒకటి చూపిస్తోంది. రెండు ఇరవై ఐదు అన్నాను. గోడ మీంచి చూసిన అంకె అది. ఆవిడతో సమానమైపోదామని ఆ అంకే నోట్లోంచి వచ్చింది.

రాధామణి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి ఉంది. తలెత్తకుండానే అంది, “మాష్, ఇంకోసారి చూడండి.”

చూశానన్నాను.

“ముప్ఫై దాటింది మాష్. ముప్ఫై ఒకటి. నేను లెక్కపెట్టుకుంటూనే పరిగెత్తాను.” తరువాత నిటారుగా నిలబడి చెయ్యి చాచింది. “ఏదీ, ఒకసారి ఇవ్వండి.”

నా బొటనవేలు నా మాట వినలేదు. మీట నొక్కేసి, ముల్లుని సున్నా దగ్గరికి తెచ్చేశాను. ఆ పిల్ల నా వేలునే చూస్తోంది. చాచిన చెయ్యి మెల్లిగా దించుకుంది. కుళాయి దగ్గర నీళ్లు తాగి, చెప్పులు చేత్తో పట్టుకుని వాలు దిగి వెళ్లిపోయింది. ఇవాళ్టికి మూడు రోజులు. గ్రౌండుకి రాలేదు, ఇంటికీ రాలేదు. అమ్మ రోజూ రెండు గుడ్లు ఉడకబెట్టి, పిల్లకి జ్వరమేమో వెళ్లి చూసి రారా అంటోంది.

పంకజాక్షి పిల్లని పన్నెండుసార్లు పరిగెత్తించి కక్కించిన ఆ విద్యే నన్ను పట్టించింది. ఆవిడ ఇక్కడ లేకుండానే నన్ను గ్రౌండు మధ్యలో నిలబెట్టింది. అవమానం కంటే, ఇప్పుడు కూడా, నాకు ఆవిడ మీద అసూయే ఎక్కువగా ఉంది. అంతదాకా దిగజారాను.

ఏం చెయ్యమంటావో రాయి. ఏమన్నా పడతాను.

ఇట్టూప్


కువైట్,
3 ఫిబ్రవరి 1985

ఇచ్చాయా,

మీ ఉత్తరం డ్యూటీకి వెళ్లేముందు చదివాను, డ్యూటీ నుంచి వచ్చాక మళ్లీ చదివాను. మధ్యలో పన్నెండు గంటలు రోగులకి మందులిస్తూ మిమ్మల్ని తిడుతూనే ఉన్నాను. ఇప్పుడు కోపం కొంచెం తగ్గింది కనక రాస్తున్నాను.

నర్సింగు నేర్చుకునే రోజుల్లో మా మీద ఒక పెద్ద సిస్టర్ ఉండేది. నేను మీకెప్పుడూ చెప్పలేదు, చెప్పడం ఇష్టంలేక. పక్క దుప్పటి మడత వంకరగా ఉందని రోగి ముందే నా చెంప మీద కొట్టింది. రంగు తక్కువని నన్ను కాకీ అని పిలిచేది. ఆవిడ పోయిందని కబురొచ్చినప్పుడు నేను కంటతడి పెట్టలేదు, ఇప్పుడూ పెట్టను. కాని ఇక్కడ పసిబిడ్డ నరం దొరక్క డాక్టర్లు చేతులెత్తేస్తే నన్ను పిలుస్తారు. ఆ చెయ్యి నాకు ఆవిడే ఇచ్చింది. మనసులో మంచి ఉండి పైకి కఠినంగా ఉండేదని మీరు కథ అల్లకండి. ఆవిడ లోపలా బయటా చెడ్డదే. చెడ్డవాళ్లకి కూడా పని వస్తుంది ఇచ్చాయా. వాళ్ల దగ్గర ఆ పని నేర్చుకుని, మిగతాది అక్కడే వదిలి రావాలి. రాధామణికి ఆ తెలివి ఉంది. మీ అంకెని నమ్మకపోవడంలోనే తెలుస్తోంది.

ఇంకో మాట. ఆరేళ్ల కిందట నాకు కువైట్ ఇంటర్వ్యూ ఉత్తరం వచ్చినప్పుడు మీరు దాన్ని పెద్ద బైబిల్ కింద మూడు రోజులు దాచారు. పోస్ట్‌మాన్ వచ్చిన రోజే దారిలో నాతో చెప్పాడు. నేను ఎదురుచూశాను. పొద్దున అన్నం వడ్డిస్తూ చూశాను, రాత్రి దీపం తగ్గిస్తూ చూశాను, ఈయన ఇస్తారా ఇవ్వరా అని. మూడో రోజు సాయంత్రం మీరే తెచ్చి, ఇప్పుడే వచ్చిందని చెప్పి ఇచ్చారు. ఆ రోజు ఒక నిర్ణయం తీసుకున్నాను. ఇచ్చారు కనక ఎంత దూరం వెళ్లినా ఈ ఇంటికే తిరిగి వస్తానని. ఇవ్వకపోయి ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు.

మీకు మనుషుల్ని ప్రేమించడం తెలుసు. పట్టుకున్న చెయ్యి వదలడం మాత్రం ఎవరో ఒకరు మెడ మీద కూర్చుని చేయించాలి. అందుకని ఇప్పుడు నేనే కూర్చున్నాను. ఆ పిల్ల ఇంటికి వెళ్లండి. వాళ్ల నాన్న ముందు, వాళ్లమ్మ ముందు జరిగింది చెప్పండి. పిల్ల మళ్లీ వెళ్తానంటే తీసుకెళ్లి అప్పజెప్పండి. ఆ రాక్షసి ఏమన్నా పడండి. మీరే రాశారు కదా, ఏమన్నా పడతానని.

అమ్మకి ఉప్పు తగ్గించమని చెప్పండి.

మీ మీద కోపమున్నా మీదే అయిన,
ఏలియామ్మ


తిరువనంతపురం,
17 నవంబర్ 1985

నా ఏలీకి,

రైలుకి ఇంకా రెండు గంటలుంది. స్టేషన్లో కూర్చుని రాస్తున్నాను. ఫిబ్రవరిలో హాస్టల్‌కి తీసుకెళ్లి దింపానని మూడు వరసలు రాసి ఊరుకున్నాను. అప్పుడు మనసు రాయనివ్వలేదు. అదీ, ఇవాళ జరిగిందీ కలిపి చెప్తాను.

నీ ఉత్తరం అందిన సాయంత్రమే వేలాయుధన్ ఇంటికి వెళ్లాను. ముగ్గురి ముందూ చెప్పాను. ఏ రోజు ఎంత వచ్చింది, నేను ఎంతన్నాను, అన్నీ. వేలాయుధన్ తల దించుకుని, పోనీలెండి మాష్, పిల్ల సంతోషం కోసమేగా అన్నాడు. రాధామణి ఒప్పుకోలేదు. “నా సంతోషం కోసం కాదు నాన్నా” అంది. అంతకుమించి తిట్టలేదు. పెట్టె సర్దుకుంటూ, హాస్టల్‌కి నేనొక్కదాన్నే వెళ్తాను మాష్, మీరు రానక్కర్లేదు అంది. తోడు వెళ్లి దింపమని మీ ఏలియామ్మక్క రాసిందని చెప్తే అప్పుడు ఊరుకుంది.

పంకజాక్షి మమ్మల్ని గేటు దాటనిచ్చింది. తప్పు నాది టీచర్, పిల్లది కాదు అన్నాను. “తెలుసు. పక్కకి జరగండి, మీ నీడ గీత మీద పడుతోంది” అంది. రాధామణి గ్రౌండు అంచున నిలబడింది. పొద్దున నిలబడింది, సాయంత్రం నిలబడింది. మా పిన్ని కూతురు కన్యస్త్రీగా ఉన్న మఠంలో రాత్రుళ్లు పడుకునేది. మూడు రోజులు ఆవిడ ఆ పిల్లని గోల్‌పోస్టుని చూసినట్టు చూసింది. అమ్మాయిలు మే మే అని అరిచారు. నేనైతే మొదటి రోజే వచ్చేసేవాణ్ణి. రాధామణి కదల్లేదు. ఇంటి నుంచి పారిపోయి వచ్చిన పిల్లలా లేదు, బడి తలుపు ఎప్పుడు తీస్తారా అని నిలబడిన మనిషిలా ఉంది. నాలుగో రోజు పొద్దున ఆవిడ ఈల తీసి, “రెండు రౌండ్లు” అంది.

పరిగెత్తి వచ్చింది. ఎంత అని అడిగింది ఆవిడ, పిడికిలి మూసే ఉంచి. ఇరవైమంది చూస్తున్నారు. రాధామణి రొప్పుతూ, తలెత్తి, గట్టిగా, “రెండు ముప్ఫై” అంది. ఆవిడ పిడికిలి విప్పి చూసుకుంది.

“ముప్ఫై. పాడైపోయావు. వెళ్లి బూట్లేసుకో.”

నేను తొమ్మిది రోజులు నోటికి రానివ్వని అంకెని ఆ పిల్ల అందరి ముందూ చెప్పి బూట్లేసుకోడానికి వెళ్లింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా పక్క సీటు ఖాళీగానే ఉంది.

ఇవాళ రాష్ట్ర పోటీలు. నన్ను ఎవరూ రమ్మనలేదు, పేపర్లో చూసి వచ్చాను. ఎనిమిది వందల మీటర్లలో రాధామణికి రెండో స్థానం వచ్చింది. రెండు నిమిషాల పదిహేడు సెకన్లు. మొదటి అమ్మాయికీ తనకీ చెయ్యి చాచినంత దూరం. నా పక్కనున్న మనిషి మోకాలు చరిచి చరిచి ఎర్రగా చేశానని తరువాత అతనే చెప్పాడు. ఈసారి ఆ పిల్ల కాలు గురించి నా మనసులో ఏ పాడు మాటా రాలేదు. నీకు చెప్పుకోవాలని ఆ సంగతి గుర్తుపెట్టుకున్నాను.

పంకజాక్షి మెచ్చుకుంటుందేమోనని చూశాను. దగ్గరికి వెళ్లి, చివరి వంద మీటర్లు పెళ్లినడక నడిచావు, ఆ నవ్వెందుకు అని ఈల జేబులో పెట్టుకుని వెళ్లిపోయింది. పేపరు ఆయనొకడు పుస్తకం పట్టుకుని వచ్చాడు. ఏ ఊరు, ఏ తరగతి అడిగాడు. నీకు నేర్పిందెవరు అన్నాడు. నేను పక్కనే ఉన్నాను, ఏలీ. కమలాపళ్ల సంచి చేతిలో పట్టుకుని, నీతో చెప్పడానికి సిగ్గేమిటి, నా పేరు ఎలా రాసుకోవాలో అతనికి చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. పంకజాక్షి టీచర్ అంది రాధామణి. అంతే అంది. అతను రాసుకున్నాడు.

ఇద్దరం బయట టీకొట్టులో కూర్చున్నాం. నా మొహం చూసిందో ఏమో, అదే మాట ఎత్తింది.

“మీకు కష్టంగా ఉందా మాష్?”

కొంచెం అన్నాను.

“ఆవిడంటే నాకిప్పటికీ ఒళ్లుమంటే. నాన్నని అలా అన్నందుకు చచ్చేదాకా క్షమించను. హాస్టల్ వదిలే రోజు వస్తే, ఆ తరువాత ఆవిడ మొహం మళ్లీ చూడను.” గ్లాసులో మిగిలిన టీ తాగేసి, నెమ్మదిగా అంది, “కాని నేను ఎంతలో పరిగెత్తానో నాకెప్పుడూ తప్పు చెప్పలేదు.”

మీరంటే నాకు ఇష్టం మాష్ అని ఆ తరువాత అంటుందని ఎదురుచూశాను. అనలేదు. సంచిలోంచి ఒక కమలాపండు తీసి, ఒలిచి, సగం నాకిచ్చింది. అమ్మమ్మకి మోకాళ్లెలా ఉన్నాయి, వచ్చే నెల వస్తాను, చేపలకూర చెయ్యమనండి అంది. అవతల అమ్మాయిలు మేకా, బస్సు అని కేకేశారు. వస్తున్నా అని లేచింది. ఆ పేరుకి తడుముకోకుండా పలికింది. బస్సు కిటికీలోంచి చెయ్యి ఊపుతుందేమోనని చూశాను. పక్క అమ్మాయితో ఏదో గట్టిగా వాదిస్తోంది, ఊపలేదు. నాకు నవ్వొచ్చింది. పదిహేడు నెలల కిందట నా చొక్కా వెనక దాక్కున్న పిల్ల.

అసూయ పోయిందని రాస్తే నువ్వు నమ్మవు, నేనూ నమ్మను. రేపు పేపర్లో ఆవిడ పేరు చూసినప్పుడు మళ్లీ కొంచెం గుచ్చుకుంటుంది. గుచ్చుకోనీ.

ఈ ఏడు ఆరో తరగతిలో కుంజన్నం అని ఒక పిల్ల చేరింది. బక్కపలచన, నోరు పెద్దది. పోయిన సోమవారం మన చిన్న గ్రౌండు చుట్టూ నాలుగు రౌండ్లు, అంటే ఎనిమిది వందల మీటర్లు, పరిగెత్తి వచ్చి ఎంత మాష్ అని అడిగింది. మూడు నిమిషాల పది అన్నాను. అంతేనా అని గ్రౌండులో కూలబడి భోరున ఏడ్చింది. ఇంటికి తీసుకెళ్లాను. అమ్మ గుడ్డు పెట్టింది, నేను కన్నీళ్లు తుడిచాను. తింటూ మధ్యలో, మాష్, మూడు అయిదు అనుకోవచ్చా అని అడిగింది. అమ్మ నావైపు చూసింది. లేదమ్మా, మూడు పదే అన్నాను. పిల్ల మళ్లీ కాసేపు ఏడ్చి, రెండో గుడ్డు అడిగింది.

రైలు వచ్చేసింది. మిగతావి ఇంటికెళ్లాక.

నువ్వు వదలమన్న చెయ్యి వదిలిన,
నీ ఇట్టూప్